వెల్డు పక్కన పగులు

స్టేషన్ కాలనీ,
మా ఇంటి వరండా

మరదలికి,

ఫోన్ చేస్తే నా మాట పూర్తయ్యేలోపే నీ జవాబు వచ్చేస్తుంది. ఆఫీసు మెయిల్ పెడితే నీకంటే ముందు నలుగురు చదువుతారు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం మీద నువ్వు నాకు అడ్డుపడలేవు కదా.

మీ అక్క బాగానే ఉంది. చెల్లెలు ఫోన్ చెయ్యదని నన్ను తిడుతోంది, నేనేదో నీ నోరు కట్టేసినట్టు.

అసలు సంగతికి వస్తాను. రియాక్టర్ ఆపి లోపలికి కెమెరా దింపాం. ఇంధనం చుట్టూ గుండ్రంగా, ఇల్లంత ఎత్తున ఒక ఉక్కు తొడుగు ఉంటుంది కదా. దాని కింది అంచున పగులు కనిపించింది. సన్నటిదే, అయినా పగులు పగులే. దాన్ని బాగుచెయ్యకుండా రియాక్టర్ మళ్ళీ నడపడానికి వీల్లేదు. వెల్డింగ్ చేస్తాం. నీళ్ళ పైన వంతెన మీద నిలబడి, పొడుగాటి యంత్రపు చెయ్యి లోపలికి దింపి, తెర మీద చూసుకుంటూ చెయ్యాలి. నీలా గదిలో కూర్చుని మైక్రోస్కోపులోకి కళ్ళు చికిలించే పని కాదులే.

మా డైరెక్టర్ని కాలనీ అంతా 'తారీఖు' అంటుందని నీకు చెప్పాను. ముందు తారీఖు ప్రకటిస్తాడు, తర్వాత పనేమిటని అడుగుతాడు. ఈసారీ అంతే. రియాక్టర్ మళ్ళీ మొదలయ్యే రోజు పేపర్లో వచ్చేసింది. పగులు సంగతి మాత్రం రాలేదు.

ఇన్నేళ్ళు రియాక్టర్లో నానిన ఉక్కు వెల్డింగుకు పనికొస్తుందని పైకమిటీకి ఒక సర్టిఫికెట్ కావాలట. పగులు పక్కనుంచి చిన్న ముక్క కోసి, సీసం పెట్టెలో మీ ప్రయోగశాలకు పంపుతున్నాం. దాన్ని నీ మైక్రోస్కోపు కింద పెట్టి, బాగుందని ఒక మాట రాసి, సంతకం పెట్టి పంపించు. ఉపోద్ఘాతం వద్దు. క్రితంసారి పంపు షాఫ్టు విరిగినప్పుడు నువ్వు పంపిన రిపోర్టును మావాళ్ళు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. మందం సరిగ్గా సరిపోయింది.

బావ


ప్రయోగశాల,
కిటికీ లేని మైక్రోస్కోపు గది

బావా,

నా రిపోర్టు తలుపును ఆపిందంటే సంతోషం. మీ స్టేషన్లో నా మాటకు ఆగింది ఆ తలుపొక్కటే.

మీ సీసం పెట్టె వచ్చింది. 'పై వైపు' అని రాసిన బాణం నేల చూపులు చూస్తోంది. లోపలి ముక్క మీద పగులు ఎటువైపో గుర్తు కూడా పెట్టలేదు. మందపాటి సీసపు గాజు వెనక నిలబడి ఇనప చేతులతో పనిచేసే మా టెక్నీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, వీళ్ళు ఇంట్లో టీవీ కూడా తలకిందులు పెట్టుకునే చూస్తారా?" అన్నాడు.

ఇక ఉక్కు సంగతి. మనిద్దరం ఒకే క్లాసులో లోహశాస్త్రం చదివాం. అప్పుడు నువ్వు పాఠం వినకుండా కిటికీలోంచి మా అక్క కోసం చూసేవాడివి కాబట్టి మొదట్నుంచీ చెబుతాను. మీ ఉక్కులో నికెల్ ఉంది, రవ్వంత బోరాన్ ఉంది. ఏళ్ళ తరబడి న్యూట్రాన్లు వచ్చి కొడుతుంటే వాటిలోంచి హీలియం పుడుతుంది. హీలియం ఎవరితోనూ కలవని వాయువు. ఉక్కులో దానికి చోటు లేదు, బయటికి దారీ లేదు. న్యూట్రాన్ల దెబ్బకు పరమాణువులు ఎగిరిపోయి మిగిలిన ఖాళీల్లో దూరుతుంది. అక్కడ బుడగ కడుతుంది. ఉక్కంటే ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్న రేణువులే కదా. ఆ రేణువుల హద్దుల వెంబడి మీ ముక్కలో బుడగలు బారులు తీరి ఉన్నాయి.

ఇప్పటికి అవి కదలకుండా ఉన్నాయి. వేడి తగిలిందా, ఉబ్బుతాయి. వెల్డు చల్లారుతూ ముడుచుకుని పక్క ఉక్కును లాగుతుంది చూడు, అప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. హద్దు హద్దంతా విడిపోతుంది. నీ వెల్డు అద్భుతంగా ఉంటుంది, ఫొటో తీసి గోడకు తగిలించుకోవచ్చు. చిరిగేది దాని పక్కనున్న ఉక్కు. ఇప్పుడున్న పగులు కంటే పొడుగ్గా చిరుగుతుంది.

కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వను. వేడితో పని లేకుండా బోల్టులతో బిగించే క్లాంపులు చేయించండి. వాటికి నెలలు పడుతుంది. తారీఖు గారికి తారీఖులు కనడం కొత్త కాదు, ఇంకోటి కనమను.

మరదలు


స్టేషన్ కాలనీ,
ఆఫీసులో నా గది

మరదలికి,

నీ బుడగలు మీటింగులో చదివాను. నీ పరువు కోసం చివరి వాక్యం వదిలేశాను.

తారీఖు చివరిదాకా విని, "సబ్బు నీళ్ళలో కూడా బుడగలుంటాయి. అలాగని చేతులు కడుక్కోవడం మానేశామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీతో అబద్ధం చెప్పను, నాకు నిజంగానే నవ్వొచ్చింది. కంటికి కనపడని చుక్కను చూసి గుడి గంట కొట్టినట్టు కొడతారు మీరు. ఇన్నేళ్ళలో మీ ప్రయోగశాల ఫలానాది చెయ్యవచ్చు అని ఒక్క కాగితం రాసిందా? చెయ్యకూడదు అని రాయడానికి సిరా తరగదు.

మా తారీఖు ఊరుకునే మనిషి కాదుగా. బయటినుంచి ఒక సలహాదారుణ్ణి తెప్పించాడు. ఆయన బూట్లు చూస్తే మన మొహం కనిపిస్తుంది. మీటింగు హాల్లో దీపాలార్పించి, తెర మీద బొమ్మలేసి, గంట సేపు మాట్లాడాడు. అందులో ఉక్కు అన్న మాట ఎక్కడ వచ్చిందో నాకు గుర్తు లేదు. కానీ పని పూర్తి చేశాడు. అదే ఉక్కులోంచి ఇంకో ముక్క తీసుకెళ్ళి, వేరే చోట మైక్రోస్కోపులో ఫొటోలు తీయించాడు. అద్దంలా ఉన్నాయి. ఒక్క బుడగ లేదు. పైకమిటీ వాటిని చూసి సరే అనేసింది.

పైగా మా వెల్డింగ్ పద్ధతి ఊరికే గాల్లోంచి ఊడిపడలేదు. స్టోర్సులోంచి అదే రకం ఉక్కు పలకలు తెప్పించి, వెల్డు చేసి, వంచి చూశాం, లాగి చూశాం. ఎక్కడా చెక్కు చెదరలేదు. ఆ పద్ధతి రాసినవారు చాలా సమర్థులు. వారి మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. నేను సంతకం పెట్టేశాను.

క్లాంపుల మాట ఇక ఎత్తకు.

బావ


ప్రయోగశాల,
క్యాంటీన్లో మూల బల్ల

బావా,

ఆ ఫొటోలు నాకూ పంపారు. చాలా బాగున్నాయి. ఆయన తప్పూ అదే.

హీలియం బుడగలు ఫోకస్ సరిగ్గా కుదిరినప్పుడు కనిపించవు. ఒక పిసరు తప్పించాలి. ఇటు తప్పిస్తే నల్లటి అంచుతో తెల్ల చుక్కలు వస్తాయి, అటు తప్పిస్తే అవే నల్లబడతాయి. మా దగ్గరికి కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది అదే. మీ సలహాదారు ఎంతో శ్రద్ధగా ఫోకస్ కుదిర్చి, ఉన్నవన్నీ మాయం చేసి, లేవని రాసిచ్చాడు. బూట్లు తుడవడానికి పెట్టిన శ్రద్ధే దీనికీ పెట్టినట్టున్నాడు.

స్టోర్సు పలకల మీద పరీక్ష చేశారా? అవి ఎండ తప్ప ఏమీ చూడని పలకలు. వాటిలో హీలియం ఎక్కడినుంచి వస్తుంది? పాతికేళ్ళ కుర్రాడికి గుండె పరీక్ష చేసి, వాడి తాతకు ఆపరేషన్ చెయ్యడానికి సిద్ధమయ్యారు మీరు.

అది అలా ఉంచు. నీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే ఉంది. 'పద్ధతి రాసినవారు చాలా సమర్థులు, వారి మీద నమ్మకం ఉంది' అని రాశావు. నీ జన్మలో ఏ ఇంజనీరునీ నువ్వు 'వారు' అనలేదు. పైకమిటీ పెద్దనే 'వాడు' అంటావు. ఇంత గౌరవం హఠాత్తుగా ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది? అతనా, ఆమెనా అని నాకు తెలియకూడదనేగా?

నేనే చెప్పనా? రాసింది పిడుగు. నీ కూతురు.

ఆ పిల్ల వెల్డింగ్ ఇంజనీరుగా మీ స్టేషన్లో చేరిందని అక్క చెప్పింది. ఈ పని దాని చేతికే ఇచ్చారని మాత్రం నువ్వు చెప్పలేదు. దాని పద్ధతి మీద తండ్రి సంతకం, దాని పక్కన ఫోకస్ తెలియని సలహాదారు సంతకం. రేపు పగులు పెరిగితే ఈ ముగ్గురిలో ఎవరి పేరు చెబుతారనుకుంటున్నావు?

అక్కకు తెలుసా?

మరదలు


స్టేషన్ కాలనీ

ప్రయోగశాల మేడమ్ గారికి,

అవును, రాసింది మా అమ్మాయే. అయితే ఏమిటట?

తండ్రి కాబట్టి సంతకం పెట్టానని మీరు అంటారని తెలిసే చెప్పలేదు. అనుకున్నట్టే అన్నారు. ప్రతి అంకె నేనే సరిచూశాను. మా వెల్డర్లు, పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, ఆ పలకల మీద వెల్డు చూసి నోరు మెదపలేదు. వాళ్ళు నోరు మెదపలేదంటే అది మెచ్చుకోవడమే.

ఇది దానికి మొదటి పెద్ద పని. ఇప్పుడు మీరొచ్చి బుడగలు, చుక్కలు అని ఆపిస్తే, ఉక్కు చెడిందని ఎవరూ అనరు. పిల్ల రాసింది పనికిరాలేదంటారు. ఆ తర్వాత దాని చేతికి వెల్డింగ్ టార్చి ఎవరిస్తారు? టీలు తెమ్మంటారు.

మీకిది అర్థం కాదు. మీరు జీవితమంతా పగిలినవే చూశారు. అతికింది ఏది చూసినా మీకు అనుమానమే.

పిడుగు ఇప్పుడు ఊళ్ళో లేదు. ఏదో ట్రైనింగుకు వెళ్ళింది. వచ్చాక వంతెన మీద నిలబడి పని మొదలుపెడుతుంది. అది వచ్చేలోపు దాని చెవిలో ఏమీ ఊదవద్దని మనవి.

మీ అక్కకు తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు.

ఇట్లు,
మరమ్మతుల విభాగం పెద్ద


ప్రయోగశాల,
క్యాంటీన్లో అదే బల్ల

బావా,

మేడమ్ గారు అన్నావు, బాగుంది. అక్క పెళ్ళిలో కూడా నన్ను అంత మర్యాదగా పిలవలేదు.

నువ్వు ఒకటి దాచావు, నేనొకటి దాచాను. పిడుగు ట్రైనింగు మా దగ్గరే. నీ మొదటి ఉత్తరం కంటే ముందే అది నాకు రాసింది. 'పిన్నీ, స్టోర్సు పలకల మీద బాగానే వస్తోంది. కానీ రియాక్టర్లో ముసలిదైన ఉక్కు మీద ఎవరూ చేసి చూడలేదు. అడిగితే టైము లేదంటున్నారు' అని రాసింది. నువ్వు సంతకం పెట్టే తొందరలో ఉన్నావు కాబట్టి నిన్ను అడిగి ఉండదు.

ముక్కలో మిగిలినదాని మీద వెల్డు చేసి చూద్దామన్నాను. బ్యాగు తగిలించుకుని వచ్చేసింది. వచ్చేటప్పటికి అచ్చం నీలాగే ఉంది. "నీ బుడగల గాలి తీసేస్తా చూడు, పిన్నీ" అంది. మా టెక్నీషియన్ దానికి ఇనప చేతులు అలవాటు చేశాడు. రెండో రోజుకే ఆ చేతులతో స్క్రూ బిగించింది. ఆయన పదేళ్ళు పట్టి నేర్చుకున్న పని అది. మొహం మాడ్చుకున్నాడు.

గాజు అవతల వెల్డు వేసింది. ఎంత నున్నగా వచ్చిందో! నిప్పు రంగు పోయి బూడిద రంగుకు తిరుగుతుంటే నా వైపు చూసి నవ్వింది. నేను "చల్లారనీ" అన్నాను.

లోపలిది దగ్గరగా చూపే అద్దాల గొట్టంలోంచి చూస్తూ కూర్చుంది. వెల్డు చెక్కు చెదరలేదు. దాని పక్కన, దాన్ని ఆనుకునే, వెంట్రుక లాంటి గీత ఒకటి దానంతట అదే మొదలైంది. ఎవరూ ముట్టుకోలేదు. అలా అలా సాగింది. ఆగింది. మళ్ళీ సాగింది. పిడుగు గొట్టంలోంచి కన్ను తియ్యలేదు.

"వేడి ఎక్కువైంది. తగ్గించి చేస్తాను" అంది.

తగ్గించి చేసింది. అదే గీత. ఇంకా తగ్గించింది. మళ్ళీ అదే. ముక్క అయిపోయేదాకా చేసింది. తర్వాత క్యాంటీనుకు వచ్చి, ఈ బల్ల దగ్గరే కూర్చుని, టీ చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ ఉండిపోయింది.

"పిన్నీ, నా పద్ధతి తప్పా?"

"పద్ధతి మంచిదే. ఆ ఉక్కు దానికి పనికిరాదు."

"మీటింగులో నీ బుడగల మీద జోకు వేశారట. నాన్న కూడా నవ్వాడట కదా?"

"నవ్వానని ఆయనే రాశాడు."

అప్పుడు ఏడ్చింది. దాన్ని ఏడిపించింది పగులు కాదనుకుంటాను.

మొదట్లో నేను కొంచెం సంతోషించాను, దాచను. నీ అతిశయం అణిగిందని. టీ ముందు కూర్చున్న దాన్ని చూశాక ఆ సంతోషం నిలవలేదు.

నీకు తనే చెబుతానంది. ఫొటోలు తీసుకుని బయల్దేరుతోంది. ఈ ఉత్తరం దానికంటే ముందు చేరాలని ఇప్పుడే పోస్టు చేయిస్తున్నాను. తలుపు తీసేటప్పుడు మొహం సరిగ్గా పెట్టుకో.

మరదలు


స్టేషన్ కాలనీ,
వరండా

మరదలా,

తలుపు తీసింది నేను కాదు, మీ అక్క. పిల్ల మొహం చూసి, "ఎవరేమన్నారు?" అని అడిగింది. ముగ్గురం కూర్చున్నాం. ఫొటోలు టీపాయ్ మీద పరిచింది. మీ అక్క వాటిని చూసి, "ఈ గీత ఉండకూడదా?" అంది. ఉండకూడదన్నాం. "మరి ఉందిగా. ఇంకేం ఆలోచిస్తున్నారు?" అంది. మీ వంశంలో అందరూ ఇంతే.

మర్నాడు మీటింగు. తారీఖు, సలహాదారు, పైకమిటీ నుంచి ఇద్దరు, పిడుగు, నేను. నేను లేచి, ఈ వెల్డింగు ఆపాలన్నాను.

తారీఖు నవ్వాడు. "మళ్ళీ మీ మరదలి బుడగలేనా?"

"కాదండీ. ఈసారి పగులు."

ఫొటోలు పంచాను. సలహాదారు ఒకటి తీసి, దూరం పెట్టి, దగ్గర పెట్టి, "ప్రయోగశాలలో పిల్లలు చేసిన పని ఇది. చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే ఇలా రాదు" అన్నాడు.

అప్పటిదాకా నేను మర్యాదగానే ఉన్నాను.

"ఏ పద్ధతి మీద మీరు సర్టిఫికెట్ ఇచ్చారో ఆ పద్ధతి రాసింది ఈ పిల్లే. అప్పుడు దాని చెయ్యి మీకు తిరిగినట్టే కనిపించింది. తను రాసింది తప్పని తనే తేల్చి మీ ముందు పెట్టింది. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ పని చేశారా?" అన్నాను.

పైకమిటీ ఆయన తన నీళ్ళ గ్లాసుకు మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

తారీఖు నెమ్మదిగా, "మీరు అలిసిపోయారు" అన్నాడు. "మీకు కొంచెం తేలిక పని ఇద్దాం."

సాయంత్రానికి కాగితం వచ్చింది. నన్ను శిక్షణ కేంద్రానికి వేశారు. కొత్తగా చేరిన వెల్డర్లకు కళ్ళద్దాలు ఎలా పెట్టుకోవాలో చెప్పాలి. సంతకం వెనక్కి తీసుకున్నానని రాసిచ్చాను. దాన్ని పక్కన పెట్టి, సలహాదారు సంతకం ఒక్కటే చాలన్నారు. వెల్డింగు ఆయన తెచ్చుకున్న మనిషే చేస్తాడట. పిడుగు వంతెన మీద ఉండి 'సహకరించాలి'. "నిలబడతాను, స్విచ్చి ముట్టుకోను" అని వాళ్ళ మొహం మీదే చెప్పి వచ్చింది.

బావ


ప్రయోగశాల

బావా,

పైకమిటీకి నేనూ రాశాను. 'విషయం పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది. కింద సంతకం గీతలా ఉంది. ఫోకస్ తప్పించి చూసినా ఎవరిదో తెలియలేదు.

నిన్ను పొగడమని అక్క ఫోన్ చేసింది. పొగడను. మొదటి ఉత్తరానికే వినాల్సిన మాట ఇంత దూరం వచ్చాక విన్నావు. ఒక్కటి మాత్రం అడుగుతాను, నిజం చెప్పు. మీటింగులో లేచి నిలబడ్డప్పుడు నువ్వు నమ్మింది బుడగలనా, పిడుగునా?

మరదలు


స్టేషన్ కాలనీ,
శిక్షణ కేంద్రం

మరదలా,

చేశారు. పగిలింది.

పిడుగు వంతెన మీదే ఉంది. మొదట ఒక మూర పొడుగు మాత్రం చేసి చూద్దామన్నారు, అదొక్కటే వాళ్ళు చేసిన మంచి పని. సలహాదారు మనిషి స్విచ్చి నొక్కాడు. నీళ్ళ అడుగున నీలం వెలుగు వచ్చింది, ఆరింది. తెర మీద వెల్డు కుదురుగా, తీర్చినట్టుంది. తారీఖు చప్పట్లు కొట్టి, ఫొటోగ్రాఫర్ని పిలవమన్నాడట. ఫొటోగ్రాఫర్ వచ్చి నిలబడేటప్పటికి కెమెరా ఆపరేటర్, "సార్, పక్కన ఏదో ఉంది" అన్నాడు. అందరూ తెర తుడవమన్నారు. తుడిచారు. గీత తెర మీద లేదు.

పాత పగులు, కొత్త పగులు కలిసి ఇప్పుడు తొడుగు చుట్టూ సగం దూరం వచ్చాయి. సలహాదారు ఆ మధ్యాహ్నమే బండెక్కాడు. వెళ్తూ పిడుగుతో, "అనుభవం వస్తే నీకే తెలుస్తుంది" అన్నాడట. ఏం తెలుస్తుందో చెప్పలేదు.

తారీఖు పేపరువాళ్ళతో, "ఇది ముందుగా అనుకుని చేసిన ప్రయోగం. దీనివల్ల క్లాంపులే సరైనవని రుజువైంది" అన్నాడు. నేను చదువుతుంటే మీ అక్క పేపరు లాక్కుని, మడిచి, పోపుల డబ్బా కింద పెట్టింది.

నువ్వు అడిగినదానికి జవాబు. బుడగలు నాకు ఇప్పటికీ సగమే అర్థమయ్యాయి. నీ ఫొటోల్లో చుక్కలు చూస్తే దుమ్మేమో అనిపిస్తుంది. నేను నమ్మింది పిడుగు మొహాన్ని. చిన్నప్పట్నుంచీ అది ఏ ఆటలోనూ ఓడిపోయానని ఒప్పుకోలేదు. పావులు దాచేసి మరీ గెలిచేది. అలాంటిది టీపాయ్ ముందు కూర్చుని, "నాన్నా, నేను రాసింది పనికిరాదు" అంది. అంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

నువ్వు శాస్త్రం గెలిచిందనుకుంటావేమో. అనుకో, నాకేం పోయింది.

బావ


ప్రయోగశాల

బావా,

అంటే నేనింత సిరా దుబారా చేసింది ఆ పిల్ల ఒక్క మాట చెప్పడానికా! సరే. ఏ దారిన వచ్చినా వచ్చావు.

పిడుగు ఫోన్ చేసింది. క్లాంపులు గీసే పని తనకే ఇస్తామన్నారట. దానితో పాటు, పగలడం ముందే అనుకున్నదేనని టీవీలో చెప్పాలట. "గీస్తాను, చెప్పను" అందట. వాళ్ళకు గీసేవాళ్ళు వేరే లేరు కాబట్టి ఒప్పుకున్నారు. మా టెక్నీషియన్ దానికి బోల్టుల గురించి రోజూ సలహాలు పంపుతున్నాడు. మొహం మాడ్చుకున్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

నీ కుర్రాళ్ళకు కళ్ళద్దాలతో పాటు కాస్త బుర్ర కూడా పెట్టుకోవడం నేర్పు.

మరదలు


స్టేషన్ కాలనీ,
శిక్షణ కేంద్రం

మరదలా,

క్లాంపులు పట్టాయి. రియాక్టర్ మొదలైంది. ఏ తారీఖున అని అడగకు, ఆయన ప్రకటించినవేవీ కాదు.

నిన్న సభ పెట్టారు. నాకూ పిడుగుకూ వెనక వరసలో కుర్చీలు, పక్కనే మీ అక్క. వేదిక మీద తారీఖు, పైకమిటీ వాళ్ళు, వాళ్ళ మధ్యలో సలహాదారు! ఆయన సూచన వల్లే క్లాంపుల ఆలోచన వచ్చిందని తారీఖు చెప్పాడు. మీ అక్క నా చెయ్యి గిల్లింది. నేను కదల్లేదు.

సలహాదారుకు పూలగుత్తి ఇవ్వడానికి పిడుగును వేదిక మీదికి పిలిచారు. వెళ్ళింది. పూలగుత్తి తీసుకుంది. బల్ల మీద పెట్టింది. మైకు దగ్గరికి వెళ్ళింది.

"వెల్డు పక్కన పగిలింది. ఆ పద్ధతి రాసింది నేను. చెయ్యవద్దని చెప్పిందీ నేనే. క్లాంపు పట్టింది. అదీ నేనే గీశాను. ఇందులో ఈయన చేసిందేమిటో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు పూలివ్వండి" అని దిగి వచ్చేసింది.

చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. తారీఖు తన కాగితంలో తర్వాతి పేజీ వెతుక్కున్నాడు, దొరకలేదు. అప్పుడు మీ అక్క, హాలంతా వినపడేలా, "మైకు బాగానే పనిచేస్తోందే" అంది.

పూలగుత్తి సభ అయ్యేదాకా బల్ల మీదే ఉంది. ఎవరూ తియ్యలేదు.

ఇవాళ పొద్దున్నే పిడుగుకూ కాగితం వచ్చింది. శిక్షణ కేంద్రానికి వేశారు, నా కింద. ఇంట్లో మీ అక్క నెత్తీ నోరూ కొట్టుకుంటుందనుకున్నాను. "ఇద్దరూ ఒక్క బండి మీద వెళ్ళవచ్చు" అంది.

పిడుగు వచ్చి నా గది తలుపు తట్టింది. "లోపలికి రావచ్చా, సార్?" అంది. నాన్న అని పిలవడం ఇంటి దగ్గరే అట. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుని, నేను కుర్రాళ్ళకు చెప్పే పాఠాల కట్ట తిరగేసి, ఎర్ర పెన్సిల్ అడిగింది. ఇచ్చాను. మొదటి పేజీలోనే మూడు తప్పులు పట్టింది.

రెండు సరైనవే. మూడో దాని మీద ఇంకా కొట్టుకుంటున్నాం.

బావ